విఱిగిన యెముక యతుకు విధము

(మహాసభయందు గావించిన యుపన్యాసము)



ఈ మహాసభయందు వైద్యవిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. మనలో వక్తలుగ పేరొందినవారు పెక్కురుండగా మమ్మేల కోరిరో యెఱుగము గాని, పెద్దల యాజ్ఞ యగుటచే శిరసావహించితిమి. ఏ విషయమును గ్రహింతుమా యని యాలోచింపగా, మన కులమునకును వైద్యమునకును గల చిరకాలసంబంధము మొదట స్ఫురించినది. నాయీబ్రాహ్మణులమగు మనము క్షురకర్మచేతను నాదస్వరముచేతను మాత్రమే గాక, కురుపు గోయుట, ఎముక కట్టుట, పురుడు పోయుట యను పనులచేత గూడ గ్రామములకు సేవచేసినవారము. ఆ మూటిలో నెముక కట్టుటను గూర్చియే నేడు ముచ్చటింపదలచితిమి. విఱిగిన యెముక నతికించునది యెవరు? ఈ యొక్క ప్రశ్నకు సమాధానము వెదకుటయే మా యుపన్యాసము.

ఈ ప్రశ్న మాకు పుస్తకములవలన కలిగినది గాదు. మా పెదతండ్రిగారు ఎముకలు కట్టుటలో చుట్టుప్రక్కల పది గ్రామములలో పేరుపొందినవారు. వారు ఒకరివద్దను కాసు పుచ్చుకొన్నవారు గారు. ఒక వేసవిలో చింతచెట్టు మీదినుండి పడి ముంజేయి విఱిచికొన్న పదేండ్ల బాలుని వారియొద్దకు తీసికొనివచ్చిరి. వారు ఎముకను సరిచేసి, ఆకుపసరు పోసి, కోడిగ్రుడ్డు తెల్లసొన పట్టించి, వెదురుబద్దలు పెట్టి గట్టిగా కట్టిరి. కట్టు గట్టిగా నున్నంత త్వరగా నెముక యతుకునని వారి నమ్మకము. ఆ రాత్రియంతయు బాలుడు నొప్పి నొప్పి యని యేడ్చెను. ఎముక విఱిగిన తరువాత నొప్పి యుండదా యని యింటివారు సముదాయించిరి. మూడవనాడు కట్టు విప్పునప్పటికి వ్రేళ్లు నల్లబడి స్పర్శ దెలియకుండెను. ఆఱు వారములకు ఎముక చక్కగా నతికినది. కాని వ్రేళ్లు లోనికి ముడుచుకొని, ఆ చేయి జన్మములో మరల కలము పట్టలేదు. మా పెదతండ్రిగారు ఆ పిమ్మట పదునెనిమిదేండ్లు జీవించిరి గాని, ఆ బాలుడు ఎదురైనప్పుడెల్ల తల వంచుకొనెడివారు. ఎముక యతికినది, చేయి పోయినది. ఎముకను కట్టే యతికించినచో, చేతిని చంపినదేమి? ఈ ప్రశ్న బాల్యమునుండియు మమ్ము వెంటాడినది.

ఎముక యనగా గోడలోని ఱాయివంటి జడపదార్థమని సామాన్యులు తలంతురు. అది సరిగాదు. ఎముక జీవము గలది. దానిలో నెత్తురు ప్రవహించును. పాత యెముకను తినివేయు కణములును, క్రొత్త యెముకను కట్టు కణములును మన జీవితకాలమంతయు పనిచేయుచునే యుండును. ఎముక నడుమ మూలుగ యున్నది. దీనినే సంస్కృతమున మజ్జ యందురు. తుంటియెముక, వెన్నుపూసలు, ప్రక్కటెముకలు వీనియందలి యెఱ్ఱ మూలుగ నెత్తురులోని కణములను దినదినము పుట్టించుచుండును. రసము, రక్తము, మాంసము, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రమని మన ప్రాచీనులు సప్తధాతువులను వరుసగా చెప్పి, అస్థినుండి మజ్జ కలుగునని నిర్ణయించిరి. నేటి శాస్త్రము చూపినదేమనగా, మూలుగలోని కొన్ని కణములనుండి యెముకయు కలుగునని. తల్లికి బిడ్డయు, బిడ్డకు తల్లియు నైనట్లున్నది వీని బాంధవ్యము.

ఈ సంగతిని నిశ్చయముగ నిరూపించినవారిలో ముఖ్యులు మాస్కోనగరమున పనిచేసిన అలెగ్జాండర్ ఫ్రీడెన్‌స్టైను గారు. వారును వారి సహచరులును 1966 లో మూలుగకణములను మఱియొకచోట నాటినచో నచట ఎముక పుట్టుచున్నదని ప్రకటించిరి. 1970 లో మూలుగను గాజుపాత్రలో పెంచి, పాత్ర యడుగున నంటుకొని గుంపులు గుంపులుగా వృద్ధిపొందు కణములను వేఱుచేసిరి. ఒక్కొక్క గుంపు ఒక్కొక్క మూలకణము యొక్క సంతానము. 1991 లో అమెరికా యందలి ఆర్నాల్డ్ కాప్లాను గారు వీనికి ‘మెసెంకైమల్ స్టెమ్ కణము’లని పేరు పెట్టిరి. 1999 లో పిట్టెంజరు గారును వారి సహచరులును మనుష్యుల మూలుగనుండి తీసిన యీ కణములే పరిస్థితిని బట్టి ఎముకగను, తరుణాస్థిగను, క్రొవ్వుగను మాఱుటను చూపిరి. ఇవి మిక్కిలి అరుదు. మూలుగలోని పదివేల కణములలో నొకటి మొదలు లక్ష కణములలో నొకటి వఱకు మాత్రమే యుండును.

ఇక్కడ నొక సందేహము కలుగును. ఒకే కణము క్రొవ్వుగ నేల మాఱదు, ఎముకగ నేల మాఱును? దానికి ఆజ్ఞ నిచ్చువా రెవరు? కణములు తమలో తాము మాటలాడుకొనుటకు కొన్ని మాంసకృత్తులను వెలువరించును. అవి ప్రక్క కణముపైనున్న గ్రాహకమున తాళమున తాళపుచెవి వలె నిమిడి, పెరుగుమనియో, విభజింపుమనియో, వృత్తి మార్చుకొనుమనియో లోపలికి వార్త నంపును. వీనిని వృద్ధికారకము లందురు. ఇట్టివానిని మొదట కనుగొన్న రీటా లెవీ మోంటాల్చీని, స్టాన్లీ కోహెన్ అను నిరువురకు 1986 లో నోబెలు బహుమాన మొసగబడినది.

ఎముక విషయమున నీ యాజ్ఞ యెక్కడ దాగియున్నదో కనుగొన్న కథ వినదగినది. 1889 లో నికొలాస్ సెన్ అను శస్త్రవైద్యుడు, చీముపట్టిన యెముకలలోని గోతులను పూడ్చుటకై ఆమ్లములో నానబెట్టి సున్నము తీసివేసిన యెద్దు ఎముకను వాడెను. అట్లు వాడినచోట క్రొత్త యెముక పుట్టుట యాయన గమనించెను గాని, కారణము తెలియలేదు. 1965 లో లాస్ ఏంజెలెస్ నగరమున మార్షల్ ఉరిస్టు గారు సున్నము తీసిన యెముకతునుకను జంతువుల కండలో నాటిరి. కండలో నెముక యుండవలసిన పనిలేదు. అయినను కొన్ని వారములలో నచట నిజమైన యెముక తయారయ్యెను! నాటినది మృతమైన తునుక. దానిలో జీవకణము లేవియు లేవు. అనగా ఆ తునుకలో నేదో యొక యాజ్ఞ దాగియుండి, చుట్టునున్న కణములను పిలిచి ఎముకగ మార్చినదన్నమాట. ఆ యాజ్ఞకు వారు 1971 లో ‘బోన్ మార్ఫోజెనెటిక్ ప్రోటీను’ అని పేరు పెట్టిరి. మనము ఎముకరూపకారకమందుము.

ఇక్కడ మన దేశీయుని పేరొకటి చెప్పక తప్పదు. భారతదేశమునుండి అమెరికాకు వెళ్లిన ఎ. హరిరెడ్డి గారు షికాగోలో చార్లెస్ హగ్గిన్సు గారితో కూడి యీ యద్భుతమును దినదినము పరిశీలించి లెక్కగట్టిరి. ఎలుక చర్మము క్రింద ఎముకపొడిని నాటిన మూడవనాటికి కణములు వచ్చి చేరి వృద్ధిపొందును. అయిదవనాడు మొదలు ఎనిమిదవనాటి లోపల తరుణాస్థి యేర్పడును. తొమ్మిదవనాడు నెత్తురునాళములు చొచ్చుకొనివచ్చును. పదవనాడు మొదలు పండ్రెండవనాటి లోపల ఎముక మొలచును. ఇరువదియొకటవనాటికి ఆ యెముకలో మూలుగ గూడ నిండును. ఏ ఘడియకు జరుగవలసినది ఆ ఘడియకే జరుగును.

1981 లో కుబేర్ సంపత్ గారును హరిరెడ్డిగారును చేసిన పరిశోధన మా యుద్దేశమున నన్నిటికంటె విలువైనది. వారు ఎముకపొడిని రెండు భాగములుగ విడదీసిరి. ఒకటి కరగు భాగము. అందే వృద్ధికారకములున్నవి. రెండవది కరగని పీచుభాగము. మొదటిదానిని మాత్రమే నాటిరి, ఎముక పుట్టలేదు. రెండవదానిని మాత్రమే నాటిరి, ఎముక పుట్టలేదు. రెండిటిని మరల కలిపి నాటిరి, ఎముక పుట్టెను. విత్తనముండి పొలము లేకున్నను, పొలముండి విత్తనము లేకున్నను పంట పండదను మాట మన రైతుసోదరులు ఎఱిగినదే. ఆజ్ఞ యొక్కటే చాలదు. ఆజ్ఞ నిలుచుటకు చోటు వలయును, వినుటకు కణములు వలయును, ఆ కణములను బ్రతికించుటకు నెత్తురు వలయును. 1988 లో జాన్ వోజ్నీ గారును సహచరులును ఈ కారకముల జన్యువులను వేఱుచేసిరి. అప్పటినుండి వీనిని కర్మాగారమున తయారుచేయుట సాధ్యమైనది.

ఇపుడు విఱిగిన యెముక నొకదానిని తీసికొందము. ఎముక విఱిగిన వెంటనే నెత్తురు కారి గడ్డకట్టును. ఈ నెత్తురుగడ్డను మనము చెడునెత్తురని తలంతుము. నిజమునకు చికిత్సకు తొలిమెట్టు అదియే. గడ్డలోని నెత్తురుఫలకములు పగిలి తమలోని వృద్ధికారకములను వెదజల్లును. వానిలో ఫలకజన్యకారకము ప్రధానమైనది. అది మూలుగనుండియు, ఎముకను కప్పియున్న సన్నని పొరనుండియు మూలకణములను పిలిచి, వాని సంఖ్యను పెంచును. పీచుకణవృద్ధికారకము ఆ సంఖ్యను మఱింత పెంచును. తరువాత ఎముకరూపకారకము వచ్చి, వచ్చినవారితో ‘మీరు ఎముక కట్టువారు కండు’ అని చెప్పును. అప్పుడు కణములోపల ‘రన్‌క్స్ 2’ అను మీట నొక్కబడును. 1997 లో ఈ మీట లేని చిట్టెలుకలను పుట్టించి చూడగా, వానికి తరుణాస్థితో కూడిన యస్థిపంజర మున్నది గాని, ఎముక యొక్కటియు కట్టబడలేదు. 2006 లో ఎముకరూపకారకము 2 ను అవయవములనుండి తొలగించిన చిట్టెలుకలలో చిన్న విఱుగుడు గూడ నతుకదని తేలినది. దీనినిబట్టి అతికించునది లోపలి యాజ్ఞయే గాని పై కట్టు గాదని స్పష్టము.

ఈ పనికి నెత్తురునాళములు వలయును గదా! వానిని పిలుచు కారకము వేఱొకటి యున్నది. అది వచ్చిన తరువాత రెండు మూడు వారములలో విఱిగినచోట మెత్తని కాయ యేర్పడును. అదియే క్రమముగ గట్టిపడి ఎముక యగును. పిదప నెలల తరబడి, ఒక్కొకప్పుడు సంవత్సరముల తరబడి, వంకరలు తీర్చబడి పూర్వరూపమునకు వచ్చును. శరీరమున నతుకులో మచ్చ మిగులక, తనకు తానే తిరిగి కట్టుకొను భాగములు కొలదియే. వానిలో ఎముక యొకటి.

మఱియొక విశేషము. సంఖ్యను పెంచు కారకము పెంచుచునే యున్నచో ఎముక కట్టుట సాగదు. తొలిదినములలో మేలుచేయు ‘టి.జి.ఎఫ్. బీటా’ యను కారకము తుదివఱకు నున్నచో కణముల పరిపాకమునకు అడ్డుపడును. ఎముకరూపకారకమును అణచుటకు ‘నాగిన్’ అను మఱియొక మాంసకృత్తు శరీరముననే యున్నది. పెండ్లిలో మేళము వాయింపవలసిన వేళ వాయింపవలెను, ఆపవలసిన వేళ ఆపవలెను. మంగళసూత్రధారణ సమయమున గట్టిమేళ మెంత యవసరమో, మంత్రము చదువునపుడు మౌన మంత యవసరము. నాదస్వరము పట్టినవారి కీ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు.

పోషణమును గూర్చి యొక మాట. మూలుగకణములను గాజుపాత్రలో ఎముకగ మార్చునపుడు శాస్త్రజ్ఞులు డెక్సామెథసోను, భాస్వరలవణము, సి విటమిను అను మూటిని చేర్తురు. సుమారు మూడు వారములకు ఖనిజము దిగి, అలిజరిన్ రంగు వేసినచో పాత్ర యెఱ్ఱబడును. సి విటమిను లేనిచో ఎముక యొక్క పీచు నిలువదు. 1740 మొదలు 1744 వఱకు ఆన్సన్ అను నాంగ్లేయ నౌకాధిపతి ప్రపంచమును చుట్టివచ్చిన యాత్రలో స్కర్వీ వ్యాధి సోకిన నావికునకు ఏబదియేండ్ల క్రింద నతికిన యెముక మరల విడిపోయినదని ఆ యాత్రాచరిత్రలో వ్రాయబడియున్నది! ఉసిరికాయయు, జామపండును పేదవాని కందని వస్తువులు గావు. సున్నము, భాస్వరము, మాంసకృత్తులు, ఎండవలన కలుగు డి విటమినును వలయును. భాస్వరమును కొలుచు సులభమైన పద్ధతిని 1925 లో సైరస్ ఫిస్క్ గారితో కలిసి ప్రకటించినవారు భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారని చెప్పుకొనుట మన తెలుగువారికి గర్వకారణము. ఇక పొగాకు అతుకును ఆలస్యము చేయును. కట్టు విప్పువఱకైనను చుట్టయు బీడియు మానుమని రోగికి చెప్పుట మన ధర్మము.

ఇంతటి శక్తిగల కారకములు చేతికి దొరికిన తరువాత ఎంత యెక్కువ వేసిన నంత మేలుగదా యని కొందఱకు తోచవచ్చును. ఈ భ్రాంతినిగూర్చి మూడు దృష్టాంతములు చెప్పెదము.

మొదటిది, ఆజ్ఞ నాపలేని శరీరము. సుమారు పదిలక్షలమందిలో నొకరికి వచ్చు నొక జబ్బులో కండలును స్నాయువులును క్రమముగ ఎముకగ మాఱిపోవును. శస్త్రముచే తీసివేసినచో ఇంకను హెచ్చుగ మొలచును. 1973 లో మరణించిన హ్యారీ ఈస్ట్‌లాకు అను నతని యస్థిపంజరము ఫిలడెల్ఫియా నగరమున మ్యూటరు ప్రదర్శనశాలయందు భద్రపఱుపబడియున్నది. బ్రతికియుండగనే శరీరము చెఱసాలయైన యతడు తన దేహమును శాస్త్రమున కర్పించెను. 2006 లో ఈ జబ్బుకు కారణము కనుగొనబడినది. ఎముకరూపకారకమును గ్రహించు గ్రాహకమునందలి చిన్న లోపమే యది. తాళపుచెవి లేకయే తలుపు తెఱచుకొనుచున్నదన్నమాట.

రెండవది, మనుష్యుని యత్యాశ. కర్మాగారమున తయారైన ఎముకరూపకారకము 2 ను అమెరికా ప్రభుత్వము 2002 లో వెన్నుపూసల నతికించుటకును, 2004 లో చర్మము చీలి విఱిగిన కాలియెముకలకును అంగీకరించినది. 2002 లో ప్రకటింపబడిన పరిశోధనలో 450 మంది రోగులుండిరి. 12 మిల్లీగ్రాముల మోతాదు పొందినవారికి మరల శస్త్రము చేయవలసివచ్చు నపాయము 44 శాతము తగ్గెను. ఇది నిజమైన మేలు. కాని ప్రకృతి ఒక కిలోగ్రాము ఎముకలో నుంచినది గ్రాములో పదిలక్షవ వంతుల లెక్కకు వచ్చునంత స్వల్పము. మనుష్యుడు వేసినది దానికి వేలరెట్లు. మెడపూసలయందు వాడగా గొంతు వాచి, మ్రింగుటకును ఊపిరి తీయుటకును కష్టము కలుగుచున్నదని 2008 లో ప్రభుత్వమే హెచ్చరించెను. కంపెనీల సొమ్ముతో జరిగిన తొలి 13 పరిశోధనలలోని 780 మందిలో ఈ మందువలన నొక్కరికిని కీడు జరుగలేదని వ్రాసియుండగా, 2011 లో ఇతర వైద్యులు ఆ లెక్కలను తిరిగి చూచి, నిజమునకు నూటికి పది మొదలు ఏబది వఱకు కీడు కలుగుచున్నదని ప్రకటించిరి. 2013 లో ఇరువర్గముల స్వతంత్ర పరీక్షకులు మూలలెక్కలను శోధించి, వెన్నుశస్త్రమున రోగి స్వంత తుంటియెముకను వాడుటకంటె నీ మందువలన చెప్పుకొనదగిన లాభము లేదని తేల్చిరి. విద్య తప్పుగాదు. మితము తప్పుటయు, కీడును దాచుటయు తప్పు.

మూడవది మన యింటిమాట. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములలోని ఫ్లోరైడు నీటి జబ్బును గూర్చి 1937 లోనే వైద్యపత్రికలో వ్రాయబడినది. నల్లగొండజిల్లావారి బాధ మీరెల్లరు నెఱిగినదే. ఫ్లోరైడు ఎముకను కట్టు కణములను ప్రేరేపించును. ఎముక మందమగును, బరువెక్కును. అయినను వెన్ను వంగును, కీళ్లు బిగియును. ఇది యెఱిగియు, ఎముక పెరుగుచున్నది గదా యని కొందఱు ముసలితనమున ఎముకలు బలహీనమైన స్త్రీలకు ఫ్లోరైడునే మందుగ నిచ్చి చూచిరి. 1990 లో అమెరికాలో 202 మంది స్త్రీల ఫలితములు ప్రకటింపబడినవి. నాలుగేండ్లలో వెన్నెముక సాంద్రత 35 శాతము హెచ్చినది గాని, వెన్ను విఱుగుట చెప్పుకొనదగినంత తగ్గలేదు. తక్కిన యెముకలు విఱుగుట మఱింత హెచ్చినది. అధికమైన యెముక మంచి యెముక గాదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలయును?

కావున తేలిన సారాంశ మిది. మూలుగకణము ఎముక యగుటకు ఆజ్ఞ వలయును. ఆ యాజ్ఞ తగినచోట, తగినవేళ, తగినంత మాత్రమే యుండవలయును. దానిని నిలుపు పీచును, బ్రతికించు నెత్తురును, కదలకుండ నుంచు ఆధారమును వలయును. కట్టు చేయు పని ఆ తుదిదానిని సమకూర్చుట మాత్రమే. మనము అతికించువారము గాము, అతుకుటకు కావలి యుండువారము. మా పెదతండ్రిగారు తామే యతికించుచున్నామని తలచిరి. అందుచే ఇంకను గట్టిగా కట్టిరి. బిగువైన కట్టు నెత్తురునాళములను నొక్కివేసినది. 1881 లో జర్మనీదేశపు రిచార్డ్ ఫోల్క్‌మన్ గారు ఇట్టి బిగికట్టువలన కండలు చచ్చి చేయి ముడుచుకొనుటను స్పష్టముగ వర్ణించిరి. నెత్తురు లేక ఆఱు గంటలు మీఱినచో కండలు మరల బ్రతుకుట దుర్లభము. మఱి ఎముక యెట్లతికినదందురా? దానికి ఇతరమార్గముల నెత్తురందినది. కణములు తమ పని తాము చేసినవి. చేయి మాత్రము మన యజ్ఞానమునకు బలియైనది.

ఇది పాశ్చాత్యులు మనకు చెప్పవలసిన మాటయు గాదు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున భగ్నచికిత్సను చెప్పుచు, వదులుకట్టువలన స్థిరత్వము కలుగదనియు, బిగువుకట్టువలన వాపు, నొప్పి, చీము కలుగుననియు, కావున సమముగ కట్టవలెననియు విధింపబడియున్నది. చలికాలమున ఏడుదినములకు, సమకాలమున అయిదుదినములకు, వేసవిలో మూడుదినములకు కట్టు విప్పి చూడవలెనని గూడ నున్నది. ఆ గ్రంథమును పూజించుటకంటె చదువుట మేలు. మన వారు వాడు నల్లేరును గూర్చియు 1960ల దశకమున కాశీ హిందూవిశ్వవిద్యాలయమున కె. ఎన్. ఉడుప గారు జంతువులపై పరీక్షలు చేసి ఫలితములు ప్రకటించిరి. తాతలనాటి మందును పరీక్షకు పెట్టుట దానిని అవమానించుట గాదు. అదియే దానికి నిజమైన గౌరవము.

ఇప్పుడు నేటి యపాయమును గూర్చి హెచ్చరింపవలసియున్నది. మూలుగకణములకు గల యీ కీర్తి నాధారముచేసికొని, స్టెమ్ కణముల సూదిమందుచే మోకాళ్లు, వెన్ను, పక్షవాతము సర్వము నయము చేసెదమని ప్రకటించు దుకాణములు వెలసినవి. పొలమమ్మి యచటికి పోయినవారిని మే మెఱుగుదుము. 2017 లో భారతీయ వైద్యపరిశోధనా మండలివారు ప్రకటించిన నియమములలో, నెత్తురుజబ్బులకు చేయు మూలుగమార్పిడి తప్ప తక్కిన స్టెమ్ కణచికిత్సలు అనుమతి పొందిన పరిశోధనలలోనే జరుగవలెనని యున్నది. పరిశోధనయైనచో రోగివద్ద సొమ్ము పుచ్చుకొనరాదు. ఈ యొక్క గుఱుతుతోనే మోసమును కనిపెట్టవచ్చును. అయితే నిజాయితీగల పరిశోధనలు లేకపోలేదు. 2005 లో ఫ్రాన్సుదేశపు ఫిలిప్ ఎర్నిగూ గారు అతుకక మొండికెత్తిన 60 కాలియెముకలలో రోగి తుంటిమూలుగనే చిక్కబఱచి సూదితో నెక్కింపగా 53 అతికినవి. అతుకని 7 మందికి ఎక్కించిన మూలుగలో మూలకణముల సంఖ్య మిక్కిలి తక్కువగ నున్నట్లు తేలినది. అచటను లెక్కయే ప్రధానము.

ఇక మన కర్తవ్యము. మనలో నెముకలు కట్టు పెద్దలు ఇంకను గ్రామములలో నున్నారు. వారిని మానుమని చెప్పుటకు మేము రాలేదు. వారికి మూడు విన్నపములు చేయుచున్నాము. చర్మము చీలి ఎముక పైకి వచ్చినను, తొడ, మెడ, వెన్ను, మోచేయి విఱిగినను కట్టక వెంటనే ఆసుపత్రికి పంపవలయును. కట్టిన తరువాత నొప్పి తగ్గక హెచ్చినను, వ్రేళ్లు చాపినపుడు భరింపరాని బాధ కలిగినను, తిమ్మిరియెక్కినను, చల్లబడినను, రంగు మాఱినను, అర్ధరాత్రియైనను కట్టు విప్పి వైద్యునికి చూపవలయును. నాడి యాడుచున్నది గదా యని ఉపేక్షింపరాదు. మూడవది, చేసిన తప్పును దాచక తోటివారికి చెప్పవలయును. మేము మా యింటి తప్పును ఇంత సభలో చెప్పుట అందుకొఱకే.

యువకులకు మఱియొక మాట. ఫ్రాన్సుదేశమున ఆంబ్రోజ్ పారే అనునతడు క్షురకవైద్యుని శిష్యుడుగ జీవిత మారంభించెను. కత్తి పట్టినవాడని విద్వాంసులు తక్కువగ చూచిన కాలమది. అతడు నలుగురు రాజులకు శస్త్రవైద్యుడయ్యెను. 1561 లో గుఱ్ఱము తన్ని అతని కాలే విఱిగి చర్మము చీలినది. ఆ దినములలో నట్టి కాలిని ఖండించుటయే వాడుక. ఆయన ఖండింపక కట్టించుకొని, కాలు నిలుపుకొని, ఆ యనుభవమును గ్రంథమున వ్రాసెను. వృత్తి మనుష్యుని తక్కువచేయదు, తెలిసికొనకుండుట తక్కువచేయును. మన బాలబాలికలు కత్తినుండి సూక్ష్మదర్శినికి, కట్టునుండి కణమునకు పోవలయును. ఈ మహాసభవారు కూర్చు విద్యార్థినిధిలో కొంత భాగము వైద్యము, జీవశాస్త్రము చదువు పేదపిల్లల కేర్పఱుపవలసినదని సవినయముగ ప్రతిపాదించుచున్నాము.

ఆ బాలుడు, ఇప్పుడు నడివయస్సువాడు, తన కుమార్తెను మందుల కళాశాలలో చేర్చినాడని యీ నడుమ విని మా కన్నులు చెమర్చినవి. ఆ బిడ్డ మన కులస్థురాలు గాదు. అయినను ఆమె యెముకల విద్య నేర్చిననాడు మా పెదతండ్రిగారి ఋణము కొంత తీఱునని మా యాశ.